ట్రాకింగ్ లేని ఎదురుచూపు

డిసెంబర్ ఒకటో తారీఖు వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో క్రిస్మస్ వచ్చేసినట్టే. మాల్స్‌లో చెట్లు, బేకరీల్లో ప్లమ్ కేకులు, ఆఫీసుల్లో సీక్రెట్ శాంటా, కాలేజీల్లో సెమీ క్రిస్మస్. ఈ సెమీ క్రిస్మస్ మన తెలుగువాళ్లకి బాగా అలవాటైన పండగ. అసలు పండగకి అందరూ ఊళ్లకి వెళ్లిపోతారు కాబట్టి రెండు మూడు వారాల ముందే కేక్ కట్ చేసి, పాటలు పాడి, బిర్యానీ తినేసి ఇంటికెళ్తాం. నాకు దీనిమీద ఏ కంప్లయింటూ లేదు. కేక్ ఎప్పుడు పెట్టినా తింటాను.

కానీ మా చర్చి క్యాలెండర్‌లో డిసెంబర్ అంటే క్రిస్మస్ నెల కాదు. 24 సాయంత్రం దాకా అది ఎదురుచూసే నెల. దాని పేరు ఆగమన కాలం. ఇంగ్లిష్‌లో అడ్వెంట్ అంటారు. 'రాక' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. నవంబర్ 30కి దగ్గరగా ఉన్న ఆదివారంతో మొదలవుతుంది, క్రిస్మస్ లోపు నాలుగు ఆదివారాలు వస్తాయి. ఫాదర్ ఊదా రంగు వస్త్రాలు వేసుకుంటారు. ఆదివారం పూజలో మామూలుగా పాడే మహిమ గీతాన్ని ఈ నాలుగు ఆదివారాలూ పాడరు. పండగ రాత్రి కోసం దాచి ఉంచుతారు. కార్తీకానికి, అయ్యప్ప మాలకి, రంజాన్‌కి వాటి నియమాలు ఉన్నట్టే ఈ కాలానికీ ఒకటుంది: తొందరపడకూడదు.

మా తరానికి ఓపిక లేదంటారు పెద్దవాళ్లు. నేనైతే ఒప్పుకోను. మేం రోజంతా ఎదురుచూస్తూనే ఉంటాం. ఫుడ్ కోసం, క్యాబ్ కోసం, ఓటీపీ కోసం, బ్లూ టిక్ కోసం. కాకపోతే మా ఎదురుచూపులకి ట్రాకింగ్ ఉంటుంది. డెలివరీ అబ్బాయి హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగాడని మ్యాప్‌లో కనిపిస్తుంది. ఇంకో ఏడు నిమిషాలు అని రాసి ఉంటుంది. ఆ నంబర్ కనిపిస్తే ఎంతసేపైనా కూర్చోగలం. నంబర్ లేనప్పుడు ఏం చేయాలన్నదే మాకు ఎవరూ నేర్పలేదు.

ఈ ఏడాది అక్టోబర్‌లో, ఒక మంగళవారం పొద్దున, నా క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ ఒకటి కనిపించింది. పేరు 'క్విక్ కనెక్ట్'. ఐటీలో ఉన్నవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. బీటెక్ అయిపోయినప్పటి నుంచి ఆరేళ్లుగా పనిచేసిన చోటు. మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. రెండు నెలల జీతం ఇచ్చి, లాప్‌టాప్ తీసుకున్నారు. ఆ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగేదాకా, దాదాపు గంటసేపు, నేను లెక్కలే వేసుకుంటూ కూర్చున్నాను. నాచారంలో మేముండే ఫ్లాట్ ఈఎంఐ నెలకి 31 వేలు. తమ్ముడి ఆఖరి సంవత్సరం ఫీజు. అన్నిటికంటే పెద్దది, నాన్న గుండె. పోయినేడాది ఆయనకి స్టెంట్ వేశారు. ఆ బిల్లు కట్టింది నా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్. నా ఉద్యోగంతోపాటు అదీ పోయింది.

దేవుణ్ణి నమ్మడం అనే మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఈ ఏడాది మాత్రం దాని అర్థం వెతుక్కోవాల్సి వచ్చింది. వెతుకులాట నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం

నవంబర్ 30. మంచం కింద నుంచి ఇనప రింగు బయటికి తీశాం.

నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక యూనిట్‌లో ఫిట్టర్‌గా చేసేవాడు. చిన్నప్పుడు చర్చిలో పచ్చటి ఆకుల వలయం, దానిమీద నాలుగు కొవ్వొత్తులు చూసి మనింట్లో కూడా అది కావాలని నేను గోల చేశాను. సూపర్‌వైజర్ని అడిగి, తుక్కులో పడేసిన కమ్మీని గుండ్రంగా వంచి, కొవ్వొత్తులు నిలబడేలా నాలుగు పైపు ముక్కలు వెల్డ్ చేసి తెచ్చాడు. ఇప్పటికీ అదే. ప్రతి ఏడూ అశోక చెట్టు ఆకులు చుట్టి, మూడు ఊదా రంగువి, ఒకటి గులాబీ రంగుది, మొత్తం నాలుగు కొవ్వొత్తులు పెడతాం. వారానికొకటి చొప్పున వెలిగిస్తూ పోతాం.

ఈ ఆచారం పుట్టుక కూడా ఇలాంటిదే. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విచెర్న్ అనే దైవశాస్త్రవేత్త పేద పిల్లలకి ఆశ్రయం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని పిల్లలు రోజూ అడుగుతుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడట. ఆదివారాలకి పెద్దవి, మామూలు రోజులకి చిన్నవి. రోజుకొకటి వెలిగిస్తుంటే, వెలగనివి లెక్కపెట్టుకుని ఇంకెన్ని రోజులో పిల్లలే తెలుసుకునేవాళ్లు.

అంటే అది ప్రోగ్రెస్ బార్ అన్నమాట. నాక్కూడా అలాంటిదే కావాలనిపించింది. కానీ నా ఎదురుచూపుకి ఎన్ని కొవ్వొత్తులు కొనాలో ఎవరు చెబుతారు? ఆ రోజు చర్చిలో చదివిన సువార్త భాగం సరిగ్గా దీని గురించే. నోవా కాలంలో జలప్రళయం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు, అలాగే ఆ ఘడియ కూడా ఎవరికీ తెలియదు, మెలకువగా ఉండండి అని. పూజ అయ్యాక బయటికొస్తూ తమ్ముడితో అన్నాను: "దేవుడు ట్రాకింగ్ ఇవ్వనని ముందే చెప్పేశాడు చూడు."

రెండో ఆదివారం

డిసెంబర్ 7. ఆ రోజు బాప్తిస్మ యోహాను ఎడారిలోకి వచ్చి, ప్రభువు కోసం దారి సిద్ధం చేయమని చాటే ఘట్టం.

ఉప్పల్‌లో కూర్చుని దారి సిద్ధం చేయడం అనే మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా, ఆరు కిలోమీటర్లకి పైగా, వరంగల్ హైవే మీద ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు రోజూ వెళ్లొచ్చేవాళ్లని అడగండి, నిరీక్షణ మీద వాళ్లు ఫాదర్ కంటే మంచి ప్రసంగం చేస్తారు. నేను ఇంజినీరింగ్‌లో చేరకముందు లేవు ఆ పిల్లర్లు. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, పోయింది.

ఆ వారమే క్యారల్స్ రౌండ్స్‌కి మా ఇంటికి పాటలవాళ్లు వచ్చారు. గిటార్, డ్రమ్ము, శాంటా వేషంలో చెమటలు కక్కుతున్న ఒక ఇంటర్ కుర్రాడు. టీలు తాగాక, వాళ్లతో వచ్చిన మా దూరపు బంధువొకామె నన్ను పక్కకి పిలిచింది.

"నీ విశ్వాసంలో ఎక్కడో లోటుంది అమ్మా. గట్టిగా నమ్మితే పది రోజుల్లో ఆఫర్ లెటర్ వస్తది. మా ఆడపడుచు కొడుక్కి అట్లనే వచ్చింది."

ప్రేమతోనే చెప్పింది. అయినా ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఉద్యోగం పోయిందన్న బాధ ఒకటి ఉండగానే, దానికి కారణం నా నమ్మకం సరిపోకపోవడమే అన్న ఇంకో బరువు నెత్తిన పడింది. మీలో చాలామంది ఈ మాటే వేరే రూపంలో విని ఉంటారు. సరిగ్గా పూజ చేయలేదని, మొక్కు మరిచిపోయారని, మేనిఫెస్ట్ చేయడం రాలేదని. అన్నిటి వెనకా లెక్క ఒకటే. నమ్మకం అనేది నాణెం, ఫలితం అనేది వెండింగ్ మెషిన్‌లోంచి పడే చాక్లెట్. చాక్లెట్ పడలేదంటే నాణెం చెల్లనిదని అర్థం.

మర్నాడు పొద్దున ఇన్సూరెన్స్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇది మీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. కంపెనీ గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు, ఉద్యోగం వదిలేటప్పుడు అదే ఇన్సూరెన్స్ సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమే. కానీ ఇస్తే, గ్రూప్‌లో గడిపిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది. అలా కాకుండా పూర్తిగా కొత్త పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకి 3 ఏళ్ల దాకా ఆగమనొచ్చు. దాన్ని వాళ్లు 'వెయిటింగ్ పీరియడ్' అంటారు. ఆ మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. లేఆఫ్ అయిన వారంలోనే దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు ఇంకో మూడు కాగితాలు అడిగారు. అవి స్కాన్ చేసి పంపాను. తర్వాత రెండు గంటలు కోడింగ్ ప్రాక్టీస్. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పిల్లలు నలుగురికి మ్యాథ్స్ ట్యూషన్.

చేస్తూ ఉండగా మెదక్ చర్చి గుర్తొచ్చింది. మా స్కూల్ పిక్నిక్‌లో చూశాను. ఈ కథ అప్పుడే చెప్పారు. వందేళ్ల కిందట, ఆ ప్రాంతం కరవుతో అల్లాడుతున్న కాలంలో, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ అక్కడి జనానికి ఊరికే గంజి పోసే బదులు చర్చి కట్టే పని ఇచ్చి తిండి పెట్టాడు. పదేళ్ల పని. 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ఆ చర్చిని ప్రారంభించారు. ఆ రాళ్లు మోసినవాళ్లు ఆకాశం నుంచి రొట్టెలు పడతాయని ఎదురుచూసి ఉండరు. పొద్దున లేచి పనికి వెళ్లారు, సాయంత్రానికి అన్నం దొరికింది. ప్రార్థనకి జవాబు కొన్నిసార్లు పని రూపంలోనే వస్తుందేమో. దారి సిద్ధం చేయడం అంటే నాకు అర్థమైంది అదే. స్కాన్ చేయాల్సిన కాగితం స్కాన్ చేయడం.

మూడో ఆదివారం

మూడో ఆదివారాన్ని ఆనంద ఆదివారం అంటారు. గులాబీ కొవ్వొత్తి వెలిగేది ఆ రోజే. ఈసారి అది డిసెంబర్ 14న వచ్చింది.

దానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, నాలుగు రౌండ్లు పూర్తయిన కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. 'అన్‌ఫార్చునేట్లీ' అనే మాట కనిపించాక మిగతాది చదవలేదు. ఇన్‌స్టా తెరిస్తే నా పాత ఆఫీసు సెమీ క్రిస్మస్ ఫొటోలు. పోయినేడాది ఆ చెట్టుకి నేనే లైట్లు కట్టాను.

ఆ మూడ్‌లో చర్చికెళ్తే, చదివిన కథ ఇది. మొన్న ఎడారిలో గొంతెత్తి అరిచిన అదే యోహాను ఇప్పుడు జైల్లో ఉన్నాడు. హేరోదు రాజు తప్పుని మొహం మీదే చెప్పినందుకు. యేసే రక్షకుడని అందరికంటే ముందు చాటింది ఈయనే. అలాంటి మనిషి జైల్లోంచి తన శిష్యుల్ని పంపి యేసుని అడిగిస్తాడు. రావాల్సినవాడివి నువ్వేనా, లేక మేం ఇంకొకరి కోసం చూడాలా అని.

ఎన్నిసార్లో విన్న కథ. ఈసారి మాత్రం ఒళ్లు జలదరించింది. యోహాను విశ్వాసంలో లోటుందని ఎవరైనా అనగలరా? యేసు కూడా అనలేదు. కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, పేదలకి శుభవార్త అందుతోంది, మీరు చూస్తున్నది వెళ్లి చెప్పండి అని పంపించాడు. ఆ శిష్యులు వెళ్లాక, జనం ముందు యోహానుని ఆకాశానికెత్తాడు.

ఇంకో సంగతి ఉంది. దీన్ని క్రిస్మస్ ప్రసంగాల్లో సాధారణంగా దాటేస్తారు. యోహాను జైలు నుంచి బయటపడలేదు. తల తీయించారు.

1943లో జర్మనీలో ఇలాంటి గదిలోనే ఇంకొకాయన కూర్చున్నాడు. డీట్రిక్ బాన్‌హోఫర్. హిట్లర్‌ని ఎదిరించిన పాస్టర్. ఏప్రిల్‌లో అరెస్టు చేసి బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో పెట్టారు. ఆ నవంబర్‌లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలు గదికీ ఆగమన కాలానికీ పోలిక ఉందన్నాడు. లోపలివాడు ఏదో ఒకటి చేస్తూ ఆశతో ఉంటాడు గానీ, తలుపు తెరవడం అతని చేతిలో లేదని. ఆయన కూడా బయటికి రాలేదు. 1945 ఏప్రిల్ 9న, యుద్ధం ఇంకో నెలలో ముగుస్తుందనగా, ఉరి తీశారు.

మరి వీళ్ల నమ్మకం వృథానా? దీనిమీద చాలాసేపు ఆలోచించాను. నాకు తట్టింది ఇది. యోహానుకి అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని ఎక్కడికి పంపాడు? ఎవరిమీద వచ్చిందో ఆయన దగ్గరికే. అదే నమ్మకం. మనకి బాగా నమ్మకమున్న మనిషినే కదా "నువ్వు నిజంగా నా పక్కనే ఉన్నావా?" అని అడగగలం. పరాయివాళ్లని అడగం.

ఆ రాత్రి ప్రార్థనలో నేను ఉద్యోగం ఇవ్వమని అడగలేదు. కృతజ్ఞతలు చెప్పే ఓపిక కూడా లేదు. నువ్వేనా, లేక నేను ఇంకెవరి కోసమైనా చూడాలా అని అడిగి పడుకున్నాను. అక్టోబర్ తర్వాత మొదటిసారి పొద్దుటిదాకా నిద్రపోయాను.

నాలుగో ఆదివారం

డిసెంబర్ 21. ఆఖరి కొవ్వొత్తి. కథ జోజప్పది. మరియమ్మ భర్త, వడ్రంగి. నాలుగు సువార్తలూ తిరగేసినా ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా కనిపించదు. కలలో దేవదూత చెబుతాడు, నిద్ర లేచి చెప్పింది చేస్తాడు. అంతే ఆయన పాత్ర.

నాకు ఆ కథలో నాన్న కనిపిస్తాడు. 2011లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఆయన పనిచేసే యూనిట్ మూతపడింది. ఒకరోజు పొద్దున డ్యూటీకెళ్తే గేటుకి తాళం ఉంది. రావాల్సిన డబ్బుల్లో కొంత చేతికందేసరికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ హబ్సిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కి నైట్ వాచ్‌మన్‌గా వెళ్లాడు. అమ్మ చీరలకి ఫాల్స్ కుట్టేది. డిసెంబర్‌లో డ్యూటీకి వెళ్లేముందు కొవ్వొత్తి వెలిగించి, స్వెటర్ వేసుకుని, సైకిలెక్కేవాడు. సాక్ష్యం చెప్పమని చర్చిలో ఎవరైనా మైక్ ఇస్తే వెనక్కి జరిగేవాడు.

నా ఉద్యోగం పోయిందని చెప్పిన రోజు కూడా ఏ వాక్యం చెప్పలేదు. టీ పెట్టుకొచ్చి, నోట్‌బుక్ తీసి అడిగాడు: "పైసలు ఎన్ని నెలలకి సరిపోతయ్ బిడ్డా?" ఇద్దరం కూర్చుని పాలు, గ్యాస్, ఈఎంఐ, మందులు, అన్నీ రాశాం. జనవరి ఆఖరు దాకా వస్తాయని తేలింది. పుస్తకం మూసి, "ఇయ్యాల పని ఇయ్యాల చేద్దాం. రేపటిది ఆయన చూస్కుంటడు" అన్నాడు.

మొన్న ఆదివారం నాలుగో కొవ్వొత్తి వెలిగించాక అడిగాను. "గేటు మూసినప్పుడు నీకు భయం కాలేదా డాడీ?"

"ఎందుకు కాలె? రోజూ అయ్యేది. సైకిల్ తొక్కేటప్పుడు గూడ అయ్యేది." కాసేపాగి అన్నాడు. "భయం పని అది చేస్తది. మన పని మనం చేస్కోవాలె."

నమ్మకం ఉంటే భయం ఉండదని నేను అనుకుంటూ వచ్చాను. రెండూ ఒకే సైకిల్ మీద వెళ్లొచ్చని ఆయనే చెప్పాడు.

ఇప్పటికి

ఇది రాస్తున్న రోజుకి నాకింకా ఉద్యోగం రాలేదు. ఒక కంపెనీవాళ్లు కొత్త సంవత్సరం తర్వాత చెబుతామన్నారు. ఇన్సూరెన్స్‌వాళ్ల జవాబు రాలేదు. చివర్లో ట్విస్ట్ కోసం చూసేవాళ్లు ఏమనుకోవద్దు, నా దగ్గర లేదు.

కానీ చూస్తున్నది చెప్పండి అన్నాడు కదా ఆయన. నేను చూస్తున్నవి కొన్ని చెబుతాను. నాతోపాటే ఉద్యోగం పోయిన టీమ్‌మేట్, తనకి వచ్చిన ఓపెనింగ్‌కి నా రెజ్యూమె కూడా పంపింది. ట్యూషన్ పిల్లల్లో ఒకడికి భిన్నాలు వచ్చేశాయి. నాన్న రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తున్నాడు. ధనుర్మాసం మొదలయ్యాక ఎదురు ఫ్లాట్ ఆంటీ తెల్లవారకముందే లేచి ముగ్గేస్తోంది. నేను పొద్దున పూజకి బయల్దేరుతుంటే, తలుపు దగ్గరే ఆపి వేడి వేడి చక్కెర పొంగలి గిన్నె చేతిలో పెడుతుంది. ఆవిడ దేవుడు వేరు, నా దేవుడు వేరు. జాబ్ వచ్చిందా అని మాత్రం ఒక్కరోజు కూడా అడగలేదు. ఈ రోజుల్లో అది ఎంత పెద్ద దయో లేఆఫ్ అయినవాళ్లకే తెలుస్తుంది.

మీరు కూడా ఏదో ఒకదానికోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. రిజల్ట్ కావచ్చు, వీసా కావచ్చు, రిపోర్ట్ కావచ్చు, ఒక మనిషి కావచ్చు. దానికి డేట్ లేదని మీ నమ్మకం తక్కువైనట్టు కాదు. మీ చుట్టూ అలా ఎదురుచూసేవాళ్లు ఉంటే, దయచేసి వాళ్ల విశ్వాసాన్ని కొలవకండి. గిన్నెడు పొంగలి ఇవ్వండి చాలు.

24 రాత్రి మా చర్చిలో, నాలుగు ఆదివారాలుగా దాచి ఉంచిన మహిమ గీతం మళ్లీ పాడతారు. గంటలు మోగుతాయి. ఆలోపు ఆఫర్ లెటర్ వస్తుందో రాదో నాకు తెలియదు. పాట మాత్రం పాడతాను. పక్కన నాన్న ఉంటాడు. ఆయనకి శ్రుతి అస్సలు ఉండదు, అయినా గట్టిగానే పాడతాడు.